రోడ్డు వెడల్పా, స్థలాల సర్దుబాటా: పాత పేటలకు ఏది మేలు?

మా పేటలో రోడ్డు వెడల్పుకని గోడల మీద ఎర్ర గీతలు పడ్డప్పటి నుంచి కనిపించినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు: "నష్టపరిహారం తీసుకుని ఊరుకుందామా, అందరి స్థలాలూ కలిపి మళ్లీ సర్దే ఆ గుజరాత్ పద్ధతేదో అడుగుదామా?" అమరావతి పూలింగ్ లాంటిదేనా అని కూడా. సూత్రం అదే. కాకపోతే అక్కడ వేల ఎకరాల పొలాలు, ఇక్కడ ఒక సందు.

నేను చూసేది ఒక్కటే: నష్టం ఎవరి నెత్తిన పడుతోంది? సందులో 12 ఇళ్లు, తలా 100 గజాలు అనుకుందాం. దారికి 120 గజాలు కావాలి. రోడ్డు వెడల్పులో సందు మొదట్లో ఉన్న మూడిళ్లకే 40 గజాల చొప్పున ఎగిరిపోతాయి. మిగిలిన వంకరటింకర ముక్కలో వాళ్లేం కడతారు? లోపలి తొమ్మిదిళ్లకు మాత్రం గజం పోకుండానే రేటు పెరుగుతుంది. సర్దుబాటులో పాత హద్దులు చెరిపి మళ్లీ గీస్తారు. తలా 10 గజాలు వదిలితే చాలు, అందరికీ ఫైరింజన్ వచ్చే దారి. వెడల్పులో డబ్బుకు బదులు టీడీఆర్ (పోయిన స్థలానికి బదులుగా అదనంగా కట్టుకునే హక్కు, ఇంకొకరికి అమ్ముకోవచ్చు) ఇస్తారంటారు కానీ, చిన్న ఇంటాయనకు అది కొనే బిల్డరు కోసం తిరగాల్సిన కాగితం.

2001 జనవరి 26 భూకంపం తర్వాత గుజరాత్‌లోని భుజ్ పాత ఊళ్లో టౌన్ ప్లానింగ్ స్కీముల పేరుతో ఇదే చేశారు. అందరికీ ఒకే కోత పెట్టలేదు. మరీ చిన్న ప్లాట్లను ముట్టుకోకుండా, ప్లాటు పెద్దదయ్యే కొద్దీ ఎక్కువ తీసుకున్నారు. నాకు నచ్చింది అదే.

అయితే అక్కడ ఇళ్లు అప్పటికే కూలిపోయాయి. మొన్ననే అప్పు చేసి మూడంతస్తులు లేపినాయన్ని నాలుగడుగులు జరగమంటే జరుగుతాడా? అందుకే పేట మొత్తం జోలికి పోకుండా, ఎలాగూ పడగొట్టి కట్టుకోవాలనుకునే పాత ఇళ్ల సందు ఒకటి చూసుకోవాలి. జపాన్‌లో 1954 చట్టం ప్రకారం సంఘం పెట్టుకుని చేసుకోవాలంటే స్థలం మీద హక్కున్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, స్థలంలోనూ అంతే వాటా కలవాలి. మన లెక్కలో ఎనిమిదిళ్లు. మనకైతే ఇంకో తలనొప్పి, కొత్త గీతల్లో వీధిపోటు ఎవరికొస్తుందని! తూర్పు వాకిలి దక్షిణానికి తిరిగితే ఆ ఇంట్లో సంతకం రాదు.

అంతా కలిపి బిల్డరుకిచ్చి అపార్టుమెంటు కట్టించుకోవడం మూడో దారి. కింద కొట్టు పెట్టుకుని బతికేవాళ్లకు అది కుదరదు, వదిలేద్దాం. అద్దెకున్నవాళ్లకు మాత్రం సర్దుబాటులోనూ తనంతట తాను వచ్చేదేమీ లేదు. వాళ్ల మాట ముందే ఒప్పందంలో రాసుకోవాలి.

నేనైతే సర్దుబాటుకే సంతకం పెడతాను. కానీ మా సందులో రెండిళ్ల దస్తావేజులు ఇంకా తాతల పేరు మీదే ఉన్నాయి, అన్నదమ్ముల వాటాలు తేలలేదు. ఈ నెల ముందు ఆ పని చూస్తున్నాం.