గ్లిజరిన్: విశాఖ గాలికి సరిపోయింది, హైదరాబాదు గాలికి సరిపోలేదు

గ్లిజరిన్ రాసుకున్న చేత్తో ముట్టుకున్నా పట్టు మీద నూనె మరక పడదు. అదంటే నాకున్న ఇష్టమంతా ముందు ఈ ఒక్క గుణం వల్లే. పొడిచర్మానికి క్రీములకేం కొదవ లేదు. కానీ రోజంతా ఎవరి పట్టు జాకెట్టు ముక్కో ఒళ్లో పెట్టుకుని కూర్చునే మనిషికి ఏ క్రీము రాసుకోవాలన్నా భయమే. విశాఖ కంచరపాలెంలో మా ఇంటి ముందుగదిలోనే నా కుట్టుమిషను. నా చేతులు మొదటినుంచీ పొడివి, పైగా సున్నితం. సెంటు వాసన ఉన్న లోషను ఏది రాసినా ముంజేతుల దాకా దద్దుర్లు వచ్చేస్తాయి. అలాగని ఏమీ రాయకపోతే వేలికొసలు గరుకెక్కి షిఫాను మీదా, మెత్తటి పట్టు మీదా పోగు లాగేస్తాయి. ఒకసారి పోగు లేచిన గుడ్డని మళ్లీ మునుపటిలా చేయడం ఎవరి తరమూ కాదు. కొబ్బరినూనె రాస్తే గరుకు తగ్గుతుంది, గుడ్డకి జిడ్డు అంటుతుంది. పెట్రోలియం జెల్లీతోనూ అదే బాధ.

గోరువెచ్చటి నీళ్లు, సబ్బు తగ్గించడం లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి వెళ్లను. ఏళ్ల తరబడి నేను వాడుతున్నది మందుల షాపులో దొరికే మామూలు గ్లిజరిన్. సీసా మీద ఐ.పి. అని ఉన్నదే కొంటాను, అంటే ఇండియన్ ఫార్మకోపియా అనే మన దేశపు మందుల ప్రమాణానికి తయారైనది. రసాయనాల కొట్లో విడిగా పోసిచ్చేది మాత్రం వద్దు.

ఒక వంతు గ్లిజరిన్‌కి మూడు నాలుగు వంతులు కాచి చల్లార్చిన నీళ్లు కలుపుతాను. నీళ్లు కలపకుండా చిక్కగా రాస్తే బంకలా ఉంటుంది, పగుళ్ల మీద చురుక్కుమంటుంది కూడా. రోజ్ వాటర్ కలపమని చాలామంది చెబుతారు. బజారులో అమ్మేవాటిలో కొన్నింటికి సెంటు కలిపి ఉంటుంది, అది నా ఒంటికి పడదు. నీళ్లు చేరాక ఆ మిశ్రమం నిలవుండదు కాబట్టి ఏ పూటకా పూట కొంచెమే కలుపుకుంటాను. చేతులు కడిగాక పూర్తిగా తుడవకుండా ఆ తడి మీదే నాలుగు చుక్కలు రాసి, బాగా ఇంకేదాకా ఆగాలి. ఈ ఆగడం ముఖ్యం. తడిచేత్తో పట్టు ముట్టుకుంటే నీటిమచ్చ పడిపోతుంది. ఇంకిన తర్వాత మాత్రం ఏ బెంగా లేదు. గ్లిజరిన్ నీళ్లలో కరిగేది, లైనింగుకి ఎక్కడైనా కాస్త అంటినా ఒక జాడింపుతో పోతుంది. నూనె అలా వదలదు.

అది పనిచేసేది గాలిలోని తేమని పట్టుకుని. మా ఊళ్లో తేమకి లోటేముంది? ఏడాదిలో చాలా రోజులు 70 శాతం దాటే ఉంటుంది. ఉక్కపోత అని అందరం విసుక్కుంటాం గాని, నా వేళ్లు మెత్తగా ఉండేది ఆ ఉక్కపోత చలవ వల్లే. ఆ సంగతి ఊరు దాటి వెళ్లాక గాని నాకు తెలిసిరాలేదు.

మా మేనకోడలి పెళ్లికి మార్చి నెలలో హైదరాబాదు వెళ్లాను. పెళ్లికూతురి జాకెట్లన్నీ మేనత్త చేతి కుట్టే కావాలని ఆ పిల్ల పట్టు. మిషను మా తమ్ముడింట్లోనే ఉంది. నా కత్తెరా, టేపూ, గ్లిజరిన్ సీసా పట్టుకెళ్లాను. అక్కడా ఇక్కడి లెక్కనే కలిపి రాశాను. మొదటి రెండు మూడు రోజులు వేళ్లు కాస్త బిగుసుకున్నట్టు అనిపించి, సరిపోలేదేమోనని ఇంకొంచెం చిక్కగా రాశాను. రాసినకొద్దీ బిగుతు పెరిగింది. వారం తిరిగేసరికి బొటనవేలి పక్కనా, చూపుడువేలి కొసనా సన్నగా చీలి నెత్తురు చెమ్మ కనిపించింది. ఎదురుగా చూస్తే కాంచీపురం పట్టు, దాని మీద మగ్గం వర్కు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మరక కన్నా, లేచిన పోగు కన్నా, పెళ్లిబట్ట మీద రక్తం పడుతుందేమోనన్న భయమే ఎక్కువ.

పొద్దున్నే మా మరదలు చూసింది. "ఆ చేతులేంటి వదినా! జాకెట్లు పక్కన పెట్టండి, ముందు డాక్టరు దగ్గరికి పదండి" అని లేవదీసింది. ఆ చర్మవైద్యురాలు ఓపిగ్గా చెప్పింది. గాలిలో లాక్కోవడానికి తేమ లేనప్పుడు గ్లిజరిన్ చర్మం లోపలి పొరల్లోని నీటిని పైకి లాగుతుంది, ఆ నీరు కాస్తా పొడిగాలికి ఎగిరిపోతుంది. మానేయక్కర్లేదు, దాని పైన ఒక మూత కావాలి. తడిచేతికి గ్లిజరిన్, వెంటనే పైన పలచగా పెట్రోలియం జెల్లీ, రాత్రంతా నూలు గ్లవ్స్.

రాత్రికి సరే, మరి పగలు? జెల్లీ చేత్తో పట్టు కుట్టలేను కదా. అందుకని పని వరస మార్చాను. ముందు నూలు లైనింగులు, చీరలకి ఫాల్సు కుట్టేశాను. చీలిన రెండు వేళ్లకీ పేపర్ టేపు చుట్టుకుని హుక్కులు, కాజాలు చేశాను. పట్టు ముక్కలు ఆఖరికి ఉంచుకున్నాను. అవి మొదలుపెట్టే నాటికి చీలికలు పూడిపోయాయి. జాకెట్లు పెళ్లికి అందాయి, ఒక్క పోగు లేవలేదు. ఆ పిల్ల వేసుకుని వచ్చి నిలబడితే నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

ఆ తర్వాత విశాఖలోనూ కొంచెం కనిపెట్టి చూడడం మొదలుపెట్టాను. ఇక్కడ కూడా అన్ని రోజులూ ఒకలా ఉండవు. డిసెంబరు, జనవరిలో నేల వైపు నుంచి పొడిగాలి వీచే పొద్దుటి పూటల్లో ఒట్టి గ్లిజరిన్ నిలబడదు. ఏసీ గదిలో పడుకున్న రాత్రి కూడా అంతే, తెల్లారేసరికి చేతులు చిటపటలాడతాయి. అలాంటప్పుడు పైన జెల్లీ తప్పదు. డాబాగార్డెన్స్‌లో ఏసీ షాపులో కుట్టే నా స్నేహితురాలికి ఇది బొత్తిగా పనికిరాలేదు, సెంటు లేని వేరే క్రీము వాడుకుంటోంది. వానాకాలంలో ఇంకో తంటా. తేమ మరీ ఎక్కువై చేయి జిగటగా ఉంటుంది, కత్తిరించిన గుడ్డ నూగంతా వేళ్లకి అతుక్కుంటుంది. ముఖానికైతే నేను పగలు రాయను, చెమటతో కలిసి చిరాకు పుట్టిస్తుంది.

ఇంకొక మాట. నాది ఒట్టి పొడితనం, సెంటు పడకపోవడం, అంతే. రసి కారే పగుళ్లు, రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వని దురద ఉంటే ఇంట్లో ఏదీ రాయకుండా మా ఊరి పెద్దాసుపత్రి కేజీహెచ్‌లోనో మరోచోటో చర్మం డాక్టరుకి చూపించుకోవాలి.

కొనమంటానా అంటే, సముద్రపు గాలి తగిలే ఊళ్లో, ఫ్యాను కింద, గుడ్డతో పనిచేసే నాలాంటివాళ్లకి కొనమంటాను. ఖర్చు తక్కువ, ఒక సీసా నెలల తరబడి వస్తుంది. పొడిగాలి ఊళ్లో ఉన్నవాళ్లు, పక్కన జెల్లీ కూడా పెట్టుకునేటట్లయితేనే తీసుకోండి. శ్రావణమాసం జాకెట్లు వచ్చిపడుతున్నాయి, బయట ముసురు, అందుకని ప్రస్తుతానికి నేను ఒక వంతుకి ఆరు వంతుల నీళ్లు కలుపుతున్నాను.