ఫ్రాంకోనియా రిడ్జ్: ఎక్కడం సగమే, దిగడమే అసలు పని

న్యూ ఇంగ్లండ్‌లో ఉంటూ కొండలెక్కే సరదా ఉన్న మనవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఫ్రాంకోనియా రిడ్జ్ పేరెత్తకుండా ఉండరు. న్యూ హాంప్‌షైర్ వైట్ మౌంటెన్స్‌లో, ఫ్రాంకోనియా నాచ్ అనే లోయకి తూర్పు పక్కన, చెట్టన్నది లేని శిఖరాల వరస అది. ఒక దారిన ఎక్కి, గట్టు మీద నడిచి, ఇంకో దారిన దిగి బయల్దేరిన చోటికే వచ్చేస్తాం. మొత్తం దాదాపు 9 మైళ్ళు. "తొమ్మిది మైళ్ళేగా" అని తీసిపారేసేవాళ్ళు ఎక్కాల్సిన ఎత్తు చూసుకోవాలి: సుమారు 3,800 అడుగులు. అలిపిరి నుంచి తిరుమలకి నడిచిన ఎత్తుకి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. అదీ మెట్లు లేకుండా, పైన నీడ లేకుండా, దారిలో ఒక్క కొట్టు లేకుండా.

మేం సెప్టెంబరు మధ్యలో వెళ్ళాం. నేను, మా ఆవిడ, బాస్టన్ నుంచి వచ్చిన మా బామ్మర్ది. శనాదివారాలు వద్దే వద్దు, సెలవు పెట్టండి అని పట్టుబట్టింది మా ఆవిడే. ఆ మాట వినడం ఎంత మంచిదైందో ట్రైల్ మొదట్లో పార్కింగ్ చూశాక అర్థమైంది. స్థలం తక్కువ, వచ్చే జనం ఎక్కువ. వాతావరణం బాగున్న శనివారం తెల్లారేసరికే నిండిపోతుంది. హైవే పక్కన ఆపితే కారు లాక్కెళ్ళిపోతారు. వారాంతంలోనే వెళ్ళక తప్పదంటే కానన్ మౌంటెన్ ట్రామ్‌వే దగ్గరి పెద్ద పార్కింగ్‌లో కారు పెట్టి షటిల్ ఎక్కడం మేలు. అయితే అది సీజన్‌లో, కొన్ని రోజుల్లోనే తిరుగుతుంది. ఇంట్లోంచి కదిలే ముందే వేళలు చూసుకోవాలి.

నాషువా నుంచి గంటన్నర, బాస్టన్ నుంచి రెండు గంటల పైచిలుకు డ్రైవ్. తెల్లవారుజామున మూడింటికి లేచి వెళ్ళి, సాయంత్రానికల్లా ఇంటికి చేరేవాళ్ళు మా ఆఫీసులో ఉన్నారు. వాళ్ళ ఓపికకి దండం. ఎనిమిది గంటలు నడిచిన కాళ్ళతో బ్రేకు తొక్కుతూ రావడం నాకు నచ్చదు. అందుకే ముందు రాత్రి, ఆ రాత్రి కూడా లింకన్ ఊళ్ళో ఒక మోటెల్‌లో దిగాం. గది శుభ్రంగా ఉంది, చిన్న ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయి. కిటికీ ఏసీ మాత్రం రాత్రంతా పిండి మర తిరిగినట్టే మోగింది. బ్రేక్‌ఫాస్ట్ ఉచితం అని గొప్పగా రాశారు గానీ పెట్టేది ఎనిమిదింటికి, మేం బయల్దేరింది ఆరింటికి. కొండకి వచ్చేవాళ్ళ మీద బతికే ఊళ్ళో ఈ వేళలు ఎవరు పెట్టారో మరి. బుక్ చేసేముందు ఆ ఒక్క సంగతి ఫోన్ చేసి అడగండి. సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మధ్య దాకా ఆకులు రంగు మారే రోజులు. అప్పుడు అద్దెలు అమాంతం పెరుగుతాయి, గదులు దొరకడమూ కష్టమే.

టెంట్ ఉన్నవాళ్ళకైతే లఫాయెట్ ప్లేస్ క్యాంప్‌గ్రౌండ్‌ని మించింది లేదు. హైవేకి అవతల ఉంటుంది, రోడ్డు కింద సొరంగంలోంచి నడిచి వస్తే ట్రైల్ మొదలు. పార్కింగ్ బెంగే ఉండదు. స్నానానికి వేడినీళ్ళు కూడా ఉంటాయి. హైవే పక్కనే కాబట్టి లారీల చప్పుడు భరించాలి, అంతే.

ఎక్కడానికి ఫాలింగ్ వాటర్స్ ట్రైల్, దిగడానికి ఓల్డ్ బ్రైడిల్ పాత్. ఈ వరస తిప్పకండి. ఫాలింగ్ వాటర్స్ పేరుకి తగ్గట్టే నీళ్ళ పక్కనే సాగుతుంది, బండలు తడిగా, పాచిపట్టి ఉంటాయి. ఎక్కేటప్పుడు చేతులు ముందుంటాయి కాబట్టి పట్టు దొరుకుతుంది. అదే బండ మీద నుంచి అలసిన కాళ్ళతో దిగడం వేరే సంగతి. బయల్దేరిన కాసేపటికే దారి చీలుతుంది. కుడివైపు చెక్క వంతెన దాటితే ఫాలింగ్ వాటర్స్. తర్వాత వాగుని ఇటూ అటూ దాటుతూ వెళ్ళాలి. స్టెయిర్స్, స్విఫ్ట్‌వాటర్, క్లౌడ్‌లాండ్ అని మూడు జలపాతాలు వస్తాయి. చివరిది 80 అడుగులు. బాగా వాన కురిసిన మర్నాడు వాగు దాటడం ప్రమాదం, ఆ రోజుకి కార్యక్రమం మార్చుకోవడమే.

క్లౌడ్‌లాండ్ దాకా పిక్నిక్‌లా ఉంటుంది. ఆ పైన కొండ తన పని మొదలుపెడుతుంది. వేళ్ళు, బండలు, మలుపులు, మళ్ళీ బండలు. చెప్పడానికి ఇంకేం లేదు, చెమట తప్ప. "బావా, ఇంకెంత?" అని మా బామ్మర్ది అడగడం, "అదిగో, చెట్లు పొట్టిబడుతున్నాయి చూడు" అని నేను అనడం, ఇదే వరస. మొదట అబద్ధమే చెప్పాను గానీ చివరికి నిజంగానే పొట్టిబడ్డాయి. నడుము ఎత్తు, మోకాలెత్తు, ఆ తర్వాత ఏమీ లేవు. లిటిల్ హేస్టాక్ మీద తల బయటపెట్టాం. 4,700 అడుగులు దాటిన శిఖరమే అయినా, పక్కనున్న లింకన్ శిఖరం నుంచి తగినంత విడిగా లేచి లేదని న్యూ హాంప్‌షైర్ 48 నాలుగువేల అడుగుల శిఖరాల పట్టికలో దీనికి చోటు దక్కలేదు. అంత కష్టపడి ఎక్కాక ఆ మాట విని మా బామ్మర్ది మొహం చూడాలి.

అక్కణ్ణించి లఫాయెట్ శిఖరం దాకా 1.7 మైళ్ళు గట్టు మీద నడక. ఇన్ని తిట్లు తిట్టుకుంటూ ఎక్కింది దీనికోసమే. పడమట లోయకి అవతల కానన్ కొండచరియ, తూర్పున ఒక్క రోడ్డు కూడా కనిపించని పెమిజెవాసెట్ అడవి, దూరాన 6,288 అడుగుల వాషింగ్టన్ శిఖరం. దారికి రెండు పక్కలా రాళ్ళు పేర్చి ఉంటాయి, వాటి మధ్యే నడవాలి. గడ్డిలా కనిపించే ఆ మొక్కలు చలికీ గాలికీ ఓర్చుకుని ఏళ్ళ తరబడి అరచేయంత పెరిగినవి. ఒక్క బూటు పడితే పోతాయి. ఫోటో కోసం పక్కకి దిగిన ఒక గుంపుకి అక్కడున్న వలంటీరు ఓపిగ్గా ఇదే చెబుతోంది. మనవాళ్ళే, తెలుగు వినిపించింది. స్పీకర్లో పాటలు కూడా వినిపించాయి. పాటలు మంచివే, చోటే అది కాదు.

గాలి సంగతి విడిగా చెప్పాలి. కింద టీషర్టుతో చెమటలు కక్కినవాళ్ళం పైన జాకెట్టు, ఉన్ని టోపీ, గ్లవ్స్ వేసుకున్నాం. ఉరుములుంటే ఈ గట్టు మీద తలదాచుకునే చోటు లేదు. ఫోన్లో ఊరి వాతావరణం చూసి లాభం లేదు. మౌంట్ వాషింగ్టన్ అబ్జర్వేటరీ ఎత్తైన శిఖరాలకి విడిగా ఇచ్చే సూచన చదవాలి.

5,089 అడుగుల లింకన్ మీద పులిహోర పొట్లాలు విప్పాం. పక్కన గడ్డం పెరిగిన ఒకాయన కూర్చున్నాడు. వసంతంలో జార్జియాలో మొదలుపెట్టి మెయిన్ రాష్ట్రం దాకా నడిచే అపలాచియన్ ట్రైల్ యాత్రికుడు. ఆ దారి ఈ గట్టు మీదుగానే పోతుంది. మా ఆవిడ ఒక పొట్లం ఇచ్చింది. ఎండుమిరపకాయ పక్కన పెట్టమని చెప్పేలోపే నమిలేశాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఆపలేదు, పొట్లం ఖాళీ చేసి ఇంకా ఉందా అన్నట్టు చూశాడు.

లఫాయెట్ 5,249 అడుగులు. 19వ శతాబ్దంలో ఇక్కడ యాత్రికుల కోసం ఒక విడిది ఉండేది, గుర్రాల మీద వచ్చేవారు. ఇప్పుడు రాతి పునాదులు మిగిలాయి. గాలికి అడ్డంగా వాటి చాటున కూర్చోవచ్చు. మేం దిగబోయే దారి పేరులోని బ్రైడిల్ ఆ గుర్రాల కళ్ళెమే. ఆ గుర్రాలు ఎలా దిగాయో ఊహకందదు.

ఎందుకంటే అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. గ్రీన్‌లీఫ్ హట్ దాకా 1.1 మైళ్ళు, కాలు పెడితే కదిలే రాళ్ళు. అప్పలాచియన్ మౌంటెన్ క్లబ్ నడిపే ఈ హట్‌లో తాగే నీళ్ళు, సూపు, అప్పుడే చేసిన కేకు ముక్కలు దొరుకుతాయి. శాకాహారులు సూపు దేనితో చేశారో అడిగి తీసుకోండి. అక్కడ పనిచేసే కుర్రకారు విసుక్కోకుండా చెబుతారు. మన చెత్త మాత్రం మనమే కిందికి మోసుకుపోవాలి. రాత్రి బస కూడా ఉంది: 48 పడకలు, భోజనం, పొద్దున టిఫిను. తలకి వంద డాలర్లు దాటుతుంది, స్నానం లేదు, పక్క పడక మీద ఎవరు గురకపెడతారో తెలియదు. గట్టు మీద సూర్యాస్తమయం చూడాలనే పట్టుదల ఉంటే ఇవ్వచ్చు. ఒక్కరోజు నడకకి వచ్చినవాళ్ళకి సూపు చాలు.

హట్ నుంచి ఇంకా 2.9 మైళ్ళు. మొదటి భాగాన్ని "అగొనీస్" అంటారు, ఆ పేరు పెట్టినవాడు అతిశయోక్తి చెప్పలేదు. నున్నటి ఏటవాలు బండలు. నిలబడి దిగలేక కూర్చుని జారుతూ, పక్కనున్న చెట్టు వేరు పట్టుకోవాలి. వేలమంది చేతులు తగిలి ఆ వేర్లు మంచం కోడులా నునుపుతేలాయి. మా బామ్మర్ది వారానికి ఐదు రోజులు జిమ్‌కి వెళ్ళే మనిషి. "ఎక్కేటప్పుడు ఆయాసమే వచ్చింది బావా, ఇప్పుడు ఏడుపొస్తోంది" అన్నాడు. ట్రెక్కింగ్ కర్రలుంటే మోకాళ్ళకి సగం బాధ తప్పుతుంది. మామూలు స్నీకర్లతో వచ్చినవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు. తలదీపం ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, ఫోన్ టార్చి చాలదు. తలకి మూడు లీటర్ల నీళ్ళు, డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాపు తప్పనిసరి.

ఇంకో మాట. నిర్లక్ష్యంగా వెళ్ళి చిక్కుకుంటే కాపాడిన ఖర్చు న్యూ హాంప్‌షైర్ ప్రభుత్వం మన దగ్గర వసూలు చేయగలదు. హైక్ సేఫ్ కార్డు కొంటే, మరీ తెగించి చేసిన పని కాకపోతే, ఆ బిల్లు తప్పుతుంది. ఒక్కరికి 25 డాలర్లు, కుటుంబానికి 35. ఆ డబ్బు రక్షణ దళానికే వెళుతుంది, అందుకైనా కొనచ్చు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నవాళ్ళు వాళ్ళని ఈ దారికి తీసుకురాకండి, ఎంత అరుణాచలం గిరి ప్రదక్షిణ చేసినవాళ్ళైనా సరే. అదే లోయలో ఫ్లూమ్ గార్జ్ ఉంది. టికెట్ కొని, రెండు మైళ్ళ బాటలో నడవచ్చు, కొన్ని మెట్లుంటాయి. అవీ వద్దంటే ఎకో లేక్ ఒడ్డున కుర్చీలు వేసుకుని కూర్చోవచ్చు. న్యూ హాంప్‌షైర్ చిహ్నంగా ఉండి 2003 మే 3న కూలిపోయిన రాతి ముసలాయన మొహం ఎక్కడుండేదో ప్రొఫైల్ లేక్ దగ్గర ఇనుప కడ్డీల గుండా చూపిస్తారు, అదొకటి చూపించండి. మీరు మాత్రం మర్నాడు ఇంకో సెలవు పెట్టుకోండి, మెట్లు దిగాల్సిన పని ఉంటే కాళ్ళు మాట వినవు.