వైజాగ్‌లో ఒక సైకియాట్రీ క్లినిక్: ఐదుకి నాలుగు స్టార్లు, పేరు మాత్రం రాయను

పోయిన స్టారు డాక్టరమ్మది కాదు, ముందు గదిది. కౌంటర్లో కూర్చునే పెద్దావిడ మనల్ని ఇంటిపేరుతో సహా పిలిచి, "ఏటమ్మా, మందులకా, ఇంజెక్షన్‌కా?" అని హాలంతా వినబడేలా అడుగుతారు. మనిషి మంచావిడే. అల్లుడి ఉద్యోగం దగ్గర్నుంచీ కొత్తిమీర కట్ట ధర దాకా అందరితోనూ అన్నీ మాట్లాడతారు. కానీ ఇదేం పళ్ళ డాక్టరు గది కాదు కదా. ఆ కుర్చీల్లో మా కొట్టుకి వచ్చే ఖాతాదారు ఒకాయన కూర్చుని ఉంటే నా గతేంటి? రోగి సంగతి గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. ఆ మాట వెళ్ళి చెప్తే టోకెన్ నంబర్లు పెట్టారు. సాయంత్రం కూర్చునే అబ్బాయి నంబరే పిలుస్తాడు. ఈవిడ నంబరు పిలిచి, ఎవరూ లేవకపోతే మళ్ళీ పేరుకే వచ్చేస్తారు.

క్లినిక్ ఎంవీపీ కాలనీలో ఒక సందులో, మేడ మీద. బోర్డు మీద నరాల సంగతి పెద్ద అక్షరాల్లో, మానసిక వైద్యం సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఊళ్ళో చాలా బోర్డులు ఇంతే, అది వాళ్ళ తప్పని నేననను. పేరు ఎందుకు రాయనంటే, ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర నిలబడితే ఆ మెట్లు ఎక్కే ప్రతి మనిషీ కనబడతాడు. నా సంగతి రాసుకునే హక్కు నాకుంది, పక్క కుర్చీలో కూర్చున్న వాళ్ళని చూపించే హక్కు లేదు. మీరు వెళ్ళేది ఏ క్లినిక్ అయినా, ఇక్కడ చెప్పే వాటిని బట్టి దాన్ని తూచుకోవచ్చు.

నాది బైపోలార్. పూర్ణా మార్కెట్లో ఒక హోల్‌సేల్ కొట్టులో లెక్కలు రాస్తాను. జబ్బు ఎక్కినప్పుడు వారాల తరబడి నిద్ర ఉండదు, నిద్ర కావాలనీ అనిపించదు, ఎవరికి పడితే వాళ్ళకి అప్పులిచ్చేస్తాను. దిగినప్పుడు తల దువ్వుకోవడం కూడా పెద్ద పనే. మా ఇంట్లో బంధువులకి చెప్పిన జబ్బు పేరు థైరాయిడ్. "అమ్మాయికి థైరాయిడ్, అందుకే నీరసం" అని అమ్మ పెళ్ళిళ్ళలో చెప్పుకొచ్చేది. ఈ జబ్బుకి నేను వేసుకునే లిథియం మాత్రలు వాడగా వాడగా నాకు నిజంగానే థైరాయిడ్ గ్రంథి పని మందగించింది. ఆ మాత్రలతో అలా జరగడం మామూలే, దానికి ఇంకో మాత్ర ఉంది. అమ్మకి మాత్రం పెద్ద భారం దిగినట్టయింది, ఇప్పుడు అబద్ధం ఆడక్కర్లేదు.

ఇక డాక్టరమ్మ. ఈవిడకంటే ముందు వేరేచోట చూపించుకున్నాను, ఆ చోటు ఏదో అనవసరం. అక్కడ నేను టేబుల్‌కి ఇవతల కుర్చీలో ఉండేదాన్ని, ప్రశ్నలన్నీ నా తల మీదుగా వెనక నిలబడ్డ మా అన్నయ్యకి వెళ్ళేవి. "ఎలా ఉంటోంది? అరుస్తోందా? తింటోందా?" అన్నయ్య చెప్పేవాడు, ఆయన రాసేవారు, చీటీ అన్నయ్య చేతికే ఇచ్చేవారు. నా చేతికి వచ్చేవి మాత్రలు, అవీ లెక్కబెట్టి.

ఇక్కడ మొదటిరోజు డాక్టరమ్మ మా అన్నయ్యతో, "బాబూ, మీరు కాసేపు బయట కూర్చోండి, మీతో తర్వాత మాట్లాడతాను" అన్నారు. వాడు నన్నొకసారి, ఆవిణ్ణొకసారి చూసి వెళ్ళాడు. నన్ను "మీరు" అన్నారు. చేతికున్న తాయెత్తు చూసి, "ఉండనివ్వండి, దానికీ మాత్రకీ తగువేం లేదు. రెండిట్లో ఒకటి మానాల్సి వస్తే మాత్రం మాత్ర మానకండి" అన్నారు. అది విన్నాక మా అమ్మ ఆవిడ పార్టీలోకి వచ్చేసింది. తాయెత్తు తెంపి పారేసే డాక్టర్ల దగ్గరికి మా అమ్మలాంటి వాళ్ళు రెండోసారి రారు.

ఆ తర్వాత చీటీ వెనక్కి తిప్పి మూడు మందుల పేర్లు రాశారు. లిథియం: అందరికంటే పాతది, ఈ జబ్బుకి 1949 నుంచీ వాడుకలో ఉంది, బాగా పనిచేస్తుంది, కానీ రక్తపరీక్షలు తప్పవు, థైరాయిడ్నీ కిడ్నీలనీ చూసుకుంటూ ఉండాలి. వాల్‌ప్రోయేట్: ఇదీ మంచిదే, కానీ ముందు ముందు పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళకి వద్దంటాను, కడుపులో బిడ్డకి ప్రమాదం. ఒలాంజపైన్: త్వరగా నిద్ర పట్టిస్తుంది, త్వరగా ఒళ్ళూ వస్తుంది, మీ ఇంట్లో షుగర్ ఉందన్నారు కాబట్టి ఆలోచించాలి. "మీకు ఏది ఇబ్బందో మీరు చెప్పండి, ఏది ప్రమాదమో నేను చెప్తాను" అన్నారు. నా మందు గురించి నన్ను అడగడం అదే మొదలు. లిథియం అన్నాను. నా ఒంటికి, నా ఇంటి సంగతులకి కుదిరింది అది. మీరు వెళ్ళి అదే అడక్కండి.

వాడేవాళ్ళ కోసం, డాక్టరమ్మ నాకు చెప్పినవి. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి రక్తం ఇవ్వాలి. రిపోర్టులో లిథియం అంకె నాకు 0.6కీ 1.0కీ మధ్య ఉండేలా చూస్తారు. అది మరీ పెరిగితే విషమే, కాబట్టి వాంతులు, విరేచనాలు, మాట తడబడటం, చేతులు బాగా వణకడం వస్తే మరుసటి రోజు దాకా ఆగకూడదు. మన మే నెల ఉక్కలో ఒళ్ళు చెమటతో కారిపోతుంది చూశారా, అప్పుడు నీళ్ళు తగ్గితే ఒంట్లో లిథియం పెరుగుతుంది. నాన్నకి బీపీ అని ఇంటిల్లిపాదికీ ఒక్కసారిగా చప్పిడి కూరలు మొదలుపెట్టినా అంతే. మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి సొంతంగా కొనుక్కుని వేసుకున్నా అంతే. మాత్రలు చవక, పరీక్షలకే ఎక్కువవుతుంది. నాకు మిగిలిన ఇబ్బంది సన్నగా వణికే చేతులు. నోట్లు లెక్కపెడుతుంటే మా షావుకారు, "ఏటమ్మా, డబ్బు చూస్తే భయమా?" అంటాడు. ఆయనకి జబ్బు సంగతి చెప్పాను. "మా బావమరిది కూడా అంతే" అని ఊరుకున్నాడు. దానికోసం నేను ఎన్ని రాత్రులు మాటలు కూర్చుకున్నానో!

కరెంటు షాకుల గురించి అడిగాను, సినిమాలు చూసి పెరిగినదాన్ని కదా. మత్తిచ్చి, కండరాలు సడలే మందిచ్చి చేస్తారనీ, ఆ రెండూ లేకుండా చెయ్యడాన్ని 2017 చట్టం నిషేధించిందనీ చెప్పారు. ఆ రోజుల చుట్టుపక్కల జ్ఞాపకాలు కొన్ని చెదురుతాయని కూడా దాచకుండా చెప్పారు. నాకు అవసరం రాలేదు.

ఆ చట్టం దగ్గర మాత్రం ఈ క్లినిక్‌తో నాకో పేచీ ఉంది. మనం బాగున్నప్పుడే, రేపు జబ్బు ముదిరితే నాకు ఏ వైద్యం చెయ్యాలి, ఏది చెయ్యకూడదు అని ముందే రాసిపెట్టుకోవచ్చు, దానికి ఐదో సెక్షన్. మన తరఫున మాట్లాడే మనిషిని తెల్లకాగితం మీద పేరు రాసి, సంతకం చేసి పెట్టుకోవచ్చు, అది పద్నాలుగో సెక్షన్. గోడ మీద షుగర్ మందుల కంపెనీ క్యాలెండర్‌కి చోటుంది, తెలుగులో ఈ రెండు ముక్కలు రాసి అంటించడానికి లేదు. అడిగితే డాక్టరమ్మ, "రాసి తెండి, ఫైల్లో పెడతాను" అన్నారు. పెట్టారు కూడా. అడగని వాళ్ళ సంగతేంటి? నేను అన్నయ్య పేరు కాకుండా వదిన పేరు రాశాను. భయం వేస్తే వాడు అరుస్తాడు, వదిన మందుల చీటీ వెతుకుతుంది. వాడు రెండు వారాలు ముఖం ముడుచుకున్నాడు, తర్వాత వాడే సాక్షి సంతకం పెట్టాడు.

ఇక్కడ పడకలు లేవు. చేర్చాల్సి వస్తే వేరేచోటికి రాసిస్తారు, డబ్బు లేనివాళ్ళని చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకి వెళ్ళమంటారు. హైదరాబాద్ వాళ్ళకి ఎర్రగడ్డ ఎలాగో మనకి చినవాల్తేరు అలాగ. పిల్లలు దెబ్బలాడుకున్నా ఆ పేరే. అది ఆంధ్రా మెడికల్ కాలేజీకి బోధనాసుపత్రి, అక్కడ నేర్చుకున్న డాక్టర్లే ఇక్కడ బోర్డులు పెట్టి ఫీజు తీసుకుంటారు. ఫీజు కట్టి చూపించుకుంటే గౌరవం, అక్కడ ఓపీ చీటీ తీసుకుంటే పరువు తక్కువట. చేరినవాళ్ళకి బలవంతంగా గుండు చెయ్యకూడదు, తన బట్టలు తను కట్టుకుంటానంటే యూనిఫాం వెయ్యకూడదు, గొలుసులు ఎక్కడా ఎప్పుడూ వెయ్యకూడదు అని కూడా ఆ చట్టమే చెప్తోంది. 2001 ఆగస్టులో తమిళనాడు ఎర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచే ఒక ప్రైవేటు హోమ్‌లో గొలుసులతో కట్టేసిన వాళ్ళు మంటలొస్తే పారిపోలేక 28 మంది పోయారు. మీ మనిషిని ఏదైనా ప్రైవేటు హోమ్‌లో పెట్టేముందు ఆ గదులు మీ కళ్ళతో చూడండి. చూడనివ్వకపోతే పెట్టకండి.

ఇంకో సంగతి. మిగతా జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బుకీ ఆరోగ్య బీమా ఇవ్వాలని అదే చట్టం 21వ సెక్షన్. నాకు పాలసీ అమ్మడానికి వచ్చిన ఏజెంటు, "ఈ కాలమ్ ఖాళీగా వదిలెయ్యండి మేడమ్" అన్నాడు. వదిలేస్తే రేపు దాచావని క్లెయిము కొట్టేస్తారు. రాయించాను. అతను మళ్ళీ కనబడలేదు, ఇంకొకరి దగ్గర తీసుకున్నాను.

తీసుకొచ్చే వాళ్ళకి. సింహాచలం వెళ్దామని చెప్పి ఆటో ఎక్కించి ఈ మెట్ల దగ్గర దింపిన వాళ్ళని చూశాను. ఆ కుర్రాడు మెట్లు ఎక్కాడు గానీ లోపల నోరు విప్పలేదు. డాక్టరమ్మ వాళ్ళ నాన్నగారిని పిలిచి, "ఈసారి ముందు మీరొక్కరే రండి, ఎలా చెప్పాలో మాట్లాడుకుందాం" అన్నారు. అలా ఇంటివాళ్ళతో మాట్లాడినందుకు విడిగా ఫీజు తీసుకోరు. మామూలు ఫీజు ఆరొందలు, నెలలోపు మళ్ళీ వస్తే సగం. సోమవారం వెళ్ళకండి, హాలు నిండిపోతుంది, కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉంటారు. గురువారం సాయంత్రం నయం, డాక్టరమ్మకి కూడా తీరిక ఉంటుంది. అర్ధరాత్రి క్లినిక్ ఫోను ఎత్తరు. అప్పుడు ప్రభుత్వం వారి టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి చెయ్యండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. లిఫ్టు లేదు. పెద్దవాళ్ళతో వస్తే కింద మందుల షాపులో చెప్పండి, డాక్టరమ్మే దిగి వచ్చి అక్కడి వెనక గదిలో చూస్తారు.