జలకీటకాల ఆహారనాళపు స్లైడ్లు: కోఠిలో కొన్న సెట్‌పై సమీక్ష

డిగ్రీ జంతుశాస్త్ర ప్రయోగశాలలో కీటకాల జీర్ణవ్యవస్థ అనగానే విద్యార్థుల ముందుకు వచ్చేది బొద్దింకే. నీటిలో బతికే కీటకాల ఆహారనాళాన్ని కణజాల స్థాయిలో చూపే స్లైడ్లు హైదరాబాద్‌లో సులభంగా దొరకవు కనుక, కోఠిలోని ఒక ప్రయోగశాల సామగ్రి దుకాణంలో తూనీగ శాబకం (నీటిలో పెరిగే పిల్లదశ), నీటి పెంకుపురుగు, పెద్ద నీటినల్లి కోతలున్న సెట్ కనిపించగానే మా కళాశాలకు తీసుకున్నాం. ధర మామూలు స్లైడ్ల కంటే ఎక్కువే. అయినా తూనీగ శాబకం స్లైడ్ల కోసమైనా దీన్ని కొనవచ్చని నా అభిప్రాయం.

ఆ శాబకం మధ్యాహారనాళపు అడ్డుకోతను ఎంతో శ్రద్ధగా తయారు చేశారు. 400 రెట్ల వృద్ధిలో, నాళపు లోపలి పొర అయిన ఉపకళలోని స్తంభాకార కణాలు, వాటి లోపలి అంచున కుంచె వెంట్రుకల్లా దట్టంగా నిలిచిన సూక్ష్మచూషకాలు, అడుగున గుంపులుగా ఉన్న పునరుత్పాదక కణాల ముదురు నీలి కేంద్రకాలు స్పష్టంగా కనిపిస్తాయి. అరిగి రాలిపోయే జీర్ణకణాల స్థానాన్ని భర్తీ చేసేవి ఈ చిన్న కణాలే. కీటకం చనిపోయిన కొద్దిసేపటికే ఈ ఉపకళ తన ఎంజైముల వల్లనే కరగడం మొదలవుతుంది కాబట్టి, అంచు ఇంత చెక్కుచెదరకుండా ఉన్నదంటే కణజాలం చెడకుండా నిలిపే స్థిరీకరణ ద్రావణంలో వెంటనే వేశారని అర్థం. ఆహారాన్ని చుట్టి ఉండే పెరిట్రోఫిక్ త్వచం కూడా పలుచని గులాబీ గీతగా నిలిచింది.

పురీషనాళపు కోత మరింత విలువైనది. తూనీగ శాబకం శ్వాసించేది అక్కడే; ఆరు జంట వరుసల మొప్పలు, వాటిలోకి చొచ్చుకుపోయిన సన్నని వాయునాళికలు, పైన అతి పలుచని అవభాసిని అనే రక్షక పొర చూసిన విద్యార్థికి, జీర్ణనాళపు చివరి భాగమే శ్వాసాంగంగా ఎలా మారిందో వేరుగా వివరించవలసిన పని ఉండదు.

పూర్వాహారనాళపు స్లైడ్ మాత్రం నిరాశ కలిగించింది. ఆహారాన్ని నలిపే అంతర జఠరంలోని గట్టి అవభాసినీ దంతాల దగ్గర కోత చిరిగింది. అప్పుడే కుబుసం విడిచిన శాబకాన్ని ఎంచుకుంటే ఈ చిక్కు చాలావరకు తప్పేది. పెంకుపురుగు స్లైడ్లలో కండర పొరను దాటి బయటికి పొడుచుకొచ్చిన క్రిప్ట్‌లు (చిన్న సంచుల్లాంటి భాగాలు) బాగానే ఉన్నాయి.

సరిదిద్దవలసిన లోపం నీటినల్లి స్లైడ్‌తో ఇచ్చిన వివరణ పత్రంలో ఉంది. అందులో పెరిట్రోఫిక్ త్వచాన్ని గుర్తించమన్నారు. నల్లుల వర్గంలో కైటిన్‌తో కూడిన ఆ త్వచం ఉండదు. దానికి బదులుగా సూక్ష్మచూషకాలను కప్పే లిపోప్రొటీన్ పొర ఉంటుంది, అది ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో తప్ప కనిపించదు. లేనిదాన్ని వెతికించే పత్రాన్ని విద్యార్థుల చేతికి ఇవ్వకూడదు. అధ్యాపకులు ఆ పంక్తిని కొట్టివేసి ఇవ్వడం అవసరం.

స్లైడ్లను పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో ఇస్తున్నారు. కణజాలానికి పట్టించిన ఇయోసిన్ అనే గులాబీ రంగు వెలుతురులో వెలిసిపోతుంది కాబట్టి, కొన్నవారు వీటిని వెంటనే వెలుగు చొరని పెట్టెలోకి మార్చుకోవాలి.