ఎక్స్‌ప్లోరర్-1, ఎక్స్‌ప్లోరర్-3: నా ఓటు దేనికంటే

1958లో అమెరికా సైన్యం ప్రయోగించిన ఈ రెండు ఉపగ్రహాలూ ఇంచుమించు కవలలే. ఒక్కొక్కటి సుమారు 14 కిలోలు. రెండింటిలోనూ అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కాస్మిక్ కిరణాలను లెక్కపెట్టడానికి అయోవా విశ్వవిద్యాలయంలోని జేమ్స్ వాన్ అలెన్ బృందం గైగర్ కౌంటర్ (రేడియేషన్‌ను లెక్కపెట్టే పరికరం) పెట్టింది. పేరంతా జనవరి 31న ఎగిరిన మొదటిదానికే వచ్చింది. అమెరికా తొలి ఉపగ్రహం కదా!

నా ఓటు మాత్రం మార్చి 26న వెళ్లిన మూడోదానికే. (రెండోది కక్ష్యకే చేరలేదు.) తేడా అంతా ఒక చిన్న టేప్ రికార్డర్‌లో ఉంది. మొదటిది కొలిచింది కొలిచినట్టే పంపేసేది. ఆ సమయానికి కింద గ్రౌండ్ స్టేషన్ ఉంటే కాస్త సమాచారం దొరికేది, లేకపోతే గాలిలో కలిసిపోయేది. మూడోది దాదాపు రెండు గంటల ప్రదక్షిణ మొత్తాన్ని టేపు మీద దాచుకుని, నేల నుంచి ఆదేశం రాగానే కొన్ని సెకన్లలో పంపేది.

అసలు సంగతి ఆ టేపుల్లోనే బయటపడింది. సెకనుకు 30 దాకా ఉండాల్సిన లెక్క, పైకి వెళ్లేకొద్దీ విపరీతంగా పెరిగి, ఉన్నట్టుండి సున్నా అయిపోయేది. కిందికి దిగుతుంటే మళ్లీ మొదలయ్యేది. మొదటి ఉపగ్రహంలోనూ ఈ సున్నాలు కనిపించాయి కానీ, ముందూ వెనకా తెలియక అర్థం కాలేదు. వాన్ అలెన్ బృందంలోని కార్ల్ మెకిల్‌వైన్ అలాంటి కౌంటర్‌నే ల్యాబులో ఎక్స్‌-రేల ముందు పెట్టి చూశారు. రేడియేషన్ మరీ ఎక్కువైతే అది లెక్కపెట్టలేక మూగబోతోంది! అక్కడున్నది శూన్యం కాదు, తీవ్రమైన రేడియేషన్. భూమి చుట్టూ ఉన్న ఆ రేడియేషన్ పట్టీలే వాన్ అలెన్ వలయాలు. మే 1న లోకానికి ప్రకటించారు.

ఆయుష్షులో మాత్రం మొదటిదే మేలు: 1970 మార్చి దాకా భూమి చుట్టూ తిరిగింది. మూడోది 1958 జూన్‌లోనే వాతావరణంలోకి పడిపోయింది.