స్టీల్ అల్లిక హోసులా, రబ్బరు హోసులా: రెండూ ఏళ్ల తరబడి వాడాక

నా దగ్గర రెండు కార్లున్నాయి. ఒకదానికి స్టీల్ అల్లిక బ్రేక్ హోసులు, రెండోదానికి కంపెనీ రకం రబ్బరు హోసులు ఇంచుమించు ఒకే కాలంలో వేయించాను. అప్పటినుంచి రెండూ నేనే నడుపుతున్నాను. స్టీల్ వేస్తే పెడల్ గట్టిపడుతుందన్న మాట నిజమే. ఎంత గట్టిపడుతుందన్న దగ్గరే నాకు పేచీ.

పెడల్ నొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ నుంచి చక్రం దాకా బ్రేక్ ఆయిల్ వెళ్లే దారి చాలావరకు లోహపు పైపే. చక్రం తిరగాలి, సస్పెన్షన్ ఆడాలి కాబట్టి చివర్లో కొద్ది పొడవు మాత్రం వంగే హోస్ పెడతారు. మనం మార్చేది ఆ ముక్కనే. రబ్బరు హోసులో ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు పొరల మధ్య దారపు అల్లిక ఉంటుంది. స్టీల్ అల్లిక రకంలో లోపల టెఫ్లాన్ గొట్టం, దానిమీద స్టెయిన్‌లెస్ స్టీల్ తీగల అల్లిక, మంచివాటికైతే ఆ పైన ప్లాస్టిక్ తొడుగు. పెడల్ నొక్కగానే రబ్బరు కాస్త ఉబ్బుతుంది, కాలి బలంతో కదిలిన ఆయిల్‌లో కొంత ఆ ఉబ్బుకే ఖర్చవుతుంది. స్టీల్ అల్లిక ఆ ఉబ్బును చాలామటుకు ఆపుతుంది.

ఈ తేడా నాకు మెల్లగా బ్రేక్ వేసేటప్పుడే ఎక్కువ తెలిసింది. ట్రాఫిక్‌లో ఎంత నొక్కాలో కాలికి తొందరగా అంతుబట్టేది. కొన్నాళ్లకు అదీ అలవాటైపోయింది. ఆగే దూరం తగ్గిందా అంటే, లేదనే చెప్తాను. చక్రాలు బిగుసుకునేదాకా, ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేసేదాకా నొక్కే బలం మామూలు రబ్బరు హోసులతోనూ వస్తుంది. అక్కడినుంచి భారమంతా టైర్లదే.

చాలామంది పోలికలో అసలు తిరకాసు ఇంకోటి ఉంది. పాతబడిన రబ్బరు, ఏళ్లనాటి ఆయిల్, లోపల కాస్త గాలి. వీటన్నిటి స్థానంలో కొత్త స్టీల్ హోసులు, కొత్త ఆయిల్, శ్రద్ధగా చేసిన బ్లీడింగ్ (ఆయిల్ దారిలోని గాలిని బయటికి తీయడం) వస్తాయి. మెప్పు మాత్రం మొత్తం స్టీల్‌కే పోతుంది! నా రబ్బరు కారుకూ కొత్త హోసులు, డాట్ 4 రకం కొత్త బ్రేక్ ఆయిల్, నాలుగు చక్రాల బ్లీడింగ్ చేయించాను. దాని పెడల్ కూడా బాగా గట్టిపడింది. స్టీల్ వల్ల వచ్చిన మార్పు దీనికన్నా ఎక్కువే, కాని జనం చెప్పుకునేంత ఎక్కువ లేదు.

కాలం గడిచేకొద్దీ స్టీల్ పని పెంచింది. ఒకచోట క్లిప్పు వదులై హోస్ జరిగింది, పక్కనున్న ప్లాస్టిక్‌ను ఆకురాయిలా అరగదీసింది. తొడుగు చిరిగితే ఇసుక, మట్టి తీగల మధ్యకు చేరి లోపలి టెఫ్లాన్‌ను రాపాడతాయి, అది బయటికి కనిపించదు. రబ్బరైతే పగుళ్లు, ఉబ్బులు కంటికి కనిపిస్తాయి. దానికీ ఒక దొంగ జబ్బుంది. పాతబడ్డాక లోపలి పొర ఊడి దారికి అడ్డం పడితే ఆయిల్ వెళ్తుంది గానీ వెనక్కి సరిగా రాదు. అప్పుడు ఆ చక్రం బ్రేక్ పట్టేసుకుని వేడెక్కుతుంది, బండి ఒకవైపు లాగుతుంది. చాలాసార్లు నింద మాత్రం చక్రం దగ్గర బ్రేక్ ప్యాడ్లను నొక్కే కాలిపర్ మీద పడుతుంది.

కొనేటప్పుడు ప్రమాణపు గుర్తు లేని హోస్ ఏ రకమైనా ముట్టుకోవద్దు. అమెరికా వాహన భద్రతా ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 106 ప్రకారం హోస్‌ను యంత్రంమీద 35 గంటలపాటు ఆపకుండా ఆడించి చూస్తారు. బిగించేటప్పుడు రాగి వాషర్లు కొత్తవే వాడాలి. తర్వాత స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పాలి, చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడూ చూడాలి, హోస్ ఎక్కడా లాగకూడదు, మెలిపడకూడదు. కాలిపర్‌ను హోస్‌కు వేలాడదీసే మెకానిక్ కనబడితే వెంటనే ఆపించండి.

ఘాట్ రోడ్ల మీద బ్రేక్ మెత్తబడుతోందని స్టీల్ వేయించేవాళ్లకు ఒక మాట. ఆయిల్ మరగడం వల్ల వచ్చే మెత్తదనం హోస్ మారిస్తే పోదు. డాట్ 4 ప్రమాణంలో కనీస మరుగు స్థానం కొత్త ఆయిల్‌కు 230 డిగ్రీలు, తేమ పీల్చుకున్నాక 155 డిగ్రీలు. ముందు ఆయిల్ మార్చండి, ప్యాడ్లు చూడండి.

రోజూ ఆఫీసుకు తిరిగే కారుకు ఈసారీ రబ్బరే వేయిస్తాను. స్టీల్ వేసిన కారుకు తొడుగు బాగున్నంతకాలం అవే ఉంచుతాను, చక్రాలు విప్పినప్పుడల్లా చివరి బిగింపుల దగ్గర తడి ఉందేమో వేలితో తడిమి చూస్తూ.