కాజీపేట షెడ్ ఇంజన్ మోడల్ అంటూ తుక్కు అంటగడుతున్నాడు, డబ్బు పంపే ముందు ఇది చదవండి

మిత్రులారా, ముందు అసలు సంగతి చెప్తాను. హెచ్‌వో స్కేల్‌లో, అంటే అసలులో 87వ వంతు సైజులో, ‘కాజీపేట షెడ్ డబ్ల్యూడీఎం-2, సీల్ తీయని కొత్త పీస్, డీసీసీ రెడీ’ అంటూ ఒకతను ఇంట్లో బుల్లి రైళ్ల లేఅవుట్లు కట్టుకునే మన మిత్రులకు విడివిడిగా మెసేజ్‌లు పెడుతున్నాడు. డబ్ల్యూడీఎం-2 అంటే పాత డీజిల్ రైలింజన్, డీసీసీ అంటే పట్టాల ద్వారా డిజిటల్ సంకేతాలు పంపి మోడల్ ఇంజన్లను నడిపే పద్ధతి. ధర 11,500 రూపాయలు. సగం ముందు, మిగతా సగం కొరియర్ రసీదు ఫొటో పంపాక. నేను కొన్నాను. వచ్చింది డబ్ల్యూడీఎం-2 కాదు, కొత్తదీ కాదు, పట్టాల మీద నడవనూ లేదు. డబ్బు వెనక్కి అడిగితే రెండు రోజులు ‘అన్నా, అన్నా’ అన్నాడు, తర్వాత నంబర్ బ్లాక్ చేశాడు. మొన్న మంచిర్యాలలో ఐటీఐ చదివే తమ్ముడొకడు ఫోన్ చేసి, ఇదే ఇంజన్ కోసం పైసలు జమ చేసుకుంటున్నానని సంబరంగా చెప్పాడు. ఆ పిల్లవాడి డబ్బు పోకూడదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అతను ఆ ఇంజనే ఎందుకు ఎంచుకున్నాడో మనందరికీ అర్థమవుతుంది. వరంగల్, కాజీపేట, పెద్దపల్లి, మంచిర్యాల వైపు పెరిగిన వాళ్లకు డబ్ల్యూడీఎం-2 అంటే ఇంటి బండి. అమెరికా ఆల్కో కంపెనీ డిజైన్, 2,600 హార్స్‌పవర్. 1962లో మొదటి ఇంజన్లు అక్కడి నుంచి వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో మనవాళ్లే తయారు చేశారు. కాజీపేట డీజిల్ షెడ్ పేరు రాసుకున్న ఇంజన్ బల్లార్షా లైన్‌లో నల్లపొగ కక్కుతూ బొగ్గు రేక్ లాగడం చూసినవాడు, ‘కేజెడ్‌జే’ అనే ఆ మూడక్షరాల షెడ్ కోడ్ ఉన్న మోడల్ కనిపిస్తే ఆగగలడా? పైగా బయటి నుంచి తెప్పించుకోవడం మన చేతుల్లో లేకుండా పోయింది. స్కేల్ మోడళ్లు కస్టమ్స్ లెక్కలో బొమ్మల కిందికే వస్తాయి. 2020 బడ్జెట్‌లో ఆ సుంకం 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. ఇలాంటి పరిస్థితిలో ‘మన దగ్గరే ఉంది, రెండు రోజుల్లో ఇంటికొస్తుంది’ అనే మాటకు ఎవరైనా చెవి ఒగ్గుతారు.

అతను చూపించే ఫొటోల సంగతి నాకు ఎక్కువ బాధ కలిగించింది. అవి అతనివి కావు. పెద్దపల్లి మిత్రుడొకరు రామగుండం ఎన్టీపీసీకి బొగ్గు తీసుకెళ్లే లైన్‌ను లేఅవుట్‌గా కడుతున్నారు, మీలో చాలామంది చూశారు. అసలైన సింగరేణి బొగ్గునే దంచి, టీ వడకట్టే జల్లెడలో జల్లించి, ఆ పొడితో దిబ్బ పోశారు. ప్రతి వారం పని ఎంతవరకు వచ్చిందో ఫొటోలు పెడతారు. ఆ ఫొటోలనే ఇతను అంచులు కత్తిరించి ‘నా లేఅవుట్ మీద ఇదే మోడల్, చూడండి’ అని పంపుతున్నాడు. ఆ దిబ్బ, వెనుక గోడకు అంటించిన ఆకాశం రంగు షీట్ మీద ఎడమ మూల ముడత, అన్నీ అవే. నాకు వచ్చిన ఫొటోలు ఆయనకు పంపితే కాసేపు మాట రాలేదు. ఆయన దగ్గరున్న ఇంజన్ సొంతంగా బాడీ చేసి, రంగు వేసి తయారు చేసుకున్నది. అమ్మడానికి పెట్టిందే కాదు.

ఇక వచ్చిన పార్శిల్. విప్పుతున్నంతసేపూ మా అబ్బాయి వీడియో తీశాడు, అది ఇప్పుడు సాక్ష్యంగా ఉంది. దూరం నుంచి చూస్తే రంగు బాగానే ఉంది. దగ్గరికి తీసుకుంటే ‘కేజెడ్‌జే’ అక్షరాలు కత్తెరతో కత్తిరించిన కాగితం స్టిక్కర్, మూల అప్పుడే లేస్తోంది. మన ఇంజన్లకు ముందూ వెనకా ఉండే గుండ్రటి బఫర్లు ఫెవిక్విక్‌తో అంటించినవి, ఒకటి కిందికి వాలి ఉంది, దాని చుట్టూ జిగురు తెల్లగా ఆరిపోయింది. క్యాబ్ కింద గోరుతో గీకితే పై రంగు పొరలా లేచి, అడుగున వేరే కంపెనీ రంగు, సగం ఇంగ్లీష్ అక్షరాలు బయటపడ్డాయి. ఏదో పాత అమెరికా ఇంజన్ మోడల్‌కు మేకప్ వేశారు.

బోగీ, అంటే ఇంజన్ కింద చక్రాలు బిగించే చట్రం, చూస్తే ఇంకా స్పష్టం. డబ్ల్యూడీఎం-2కు ఒక్కో బోగీకి మూడు ఇరుసులు, వాటి మధ్య దూరాలు సమానంగా ఉండవు. రెండు దగ్గరగా, మూడోది కాస్త ఎడంగా ఉంటుంది. ఆల్కో ట్రైమౌంట్ బోగీ గుర్తే అది. నాకొచ్చిన దానికి మూడూ సమాన దూరంలో ఉన్నాయి. పొడవూ తేడానే. అసలు ఇంజన్ 17 మీటర్ల పైచిలుకు. 87తో భాగిస్తే దాదాపు 20 సెంటీమీటర్లు రావాలి. స్కేలు పెట్టి కొలిస్తే అంతకు రెండు వేళ్లు తక్కువ వచ్చింది.

లోపల పరిస్థితి ఇంకా ఘోరం. స్క్రూలు తీసినా బాడీ ఊడి రాలేదు. లోపలి లోహపు చాసిస్ ఉబ్బి బాడీని పట్టేసింది. నెమ్మదిగా వేరు చేస్తే చాసిస్ నిండా వెంట్రుక వాసి పగుళ్లు, పైన బూడిద రంగు పొడి. ఒక మూల పట్టుకుంటే బిస్కెట్ లాగా విరిగింది. దీన్ని జింక్ పెస్ట్ అంటారు. పోత పోసే జింక్ మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిస్తే కొన్నేళ్లకు లోహం లోపలి నుంచే ఉబ్బి పగులుతుంది. ఒకసారి మొదలైతే దానికి మందు లేదు, ఏ జిగురూ పట్టదు. ఇరుసుల మీది ప్లాస్టిక్ గేర్లు కూడా చీలి ఉన్నాయి. చీలిన గేరు పళ్ల మధ్య ఎడం పెరిగి, చక్రం తిరిగిన ప్రతిసారీ ‘టక్, టక్’ మని ఎగురుతుంది, బండి కుంటుతుంది. గేర్లు ఒక్కటే అయితే కొత్తవి తెప్పించి వేసుకోవచ్చు, అదేమంత పెద్ద పని కాదు. చాసిస్ పోయాక ఆ పనికీ అర్థం లేదు.

‘డీసీసీ రెడీ’ అన్న మాట గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే నష్టం ఇంజన్‌తో ఆగదు. డీసీసీ రెడీ అంటే డీకోడర్ (ఆ సంకేతాలు అందుకుని మోటర్‌ను నడిపే చిన్న సర్క్యూట్) పెట్టడానికి లోపల 8 పిన్నులు, 21 పిన్నుల లాంటి సాకెట్ ఒకటి ఉండాలి, మోటర్ చాసిస్‌కు తగలకుండా వేరుగా ఉండాలి. ఇందులో సాకెట్ లేదు. మల్టీమీటర్ పెడితే మోటర్ బ్రష్ నుంచి చాసిస్‌కు బీప్ కొట్టింది, అంటే రెండూ తగులుతున్నాయి. పాత ఇంజన్లలో ఒక పక్క పట్టా కరెంట్ చాసిస్ ద్వారానే మోటర్‌కు వెళ్తుంది. దాన్ని విడదీయకుండా డీకోడర్ కలిపితే డీకోడర్ అక్కడికక్కడే కాలిపోతుంది. పైగా ఇలాంటి పాత మోటర్లు బిగుసుకున్నప్పుడు ఒక ఆంపియర్ దాటి లాగుతాయి, మనం వాడే చాలా హెచ్‌వో డీకోడర్ల సామర్థ్యం ఆ ఒక ఆంపియర్ దగ్గరే. కాబట్టి కొన్న పాత ఇంజన్ ఏదైనా సరే, మీటర్‌తో చూడకుండా డీకోడర్ పెట్టకండి.

దాంతోపాటు ‘నికెల్ సిల్వర్, కోడ్ 100’ (కోడ్ అంటే పట్టా ఎత్తు కొలత) అని చెప్పి ఫ్లెక్స్ ట్రాక్, అంటే కావలసినట్టు వంచి పరుచుకునే పట్టాలు కూడా అంటగట్టాడు. ఫ్రిజ్ మీద ఉండే అయస్కాంతం పెడితే టక్కున అంటుకుంది. నికెల్ సిల్వర్‌లో వెండి ఉండదు, రాగి, నికెల్, జింక్ కలిసిన మిశ్రమం అది, అయస్కాంతానికి అంటుకోదు. అంటుకుందంటే ఉక్కే. మన వానాకాలం తేమకు ఉక్కు పట్టాలు ఒక్క సీజన్‌లో తుప్పు పడతాయి, బలాస్ట్ (పట్టాల కింద పోసే కంకర) వేసి జిగురునీళ్లు పోస్తే ఇంకా త్వరగా. లేఅవుట్ అంతా పరిచాక తెలిస్తే మొత్తం పీకాలి.

అతని మాటతీరు కూడా తెలిస్తే గుర్తుపడతారు. వీడియో కాల్ అడిగితే ‘ఊర్లో లేను అన్నా’ అంటాడు. నడిచే వీడియో అడిగితే ఇంజన్‌ను వెల్లకిలా పెట్టి చక్రాలు తిప్పి చూపిస్తాడు. బరువు లేకుండా గాలిలో ఏ మోటరైనా తిరుగుతుంది. ‘టెన్షన్ వద్దన్నా, మనోళ్లను మోసం చేస్తనా?’ అనేది ప్రతి రెండో మెసేజ్‌లో వస్తుంది. ఇంకో మాట, ‘ఇది అచ్చమైన బ్రాడ్ గేజ్ స్కేల్’ అంటాడు. మన బ్రాడ్ గేజ్‌లో పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, 87వ వంతు అంటే 19 మిల్లీమీటర్ల పైన. మనం పరిచే హెచ్‌వో ట్రాక్ 16.5. అచ్చమైన బ్రాడ్ గేజ్ చక్రాలు మన ట్రాక్ మీద ఎక్కవు. ఈ హాబీలో ఉన్నవాడెవడూ ఆ మాట అనడు.

ఎవరి దగ్గర కొన్నా సరే, పాత ఇంజన్‌కు డబ్బు పంపే ముందు ఈ వీడియో అడగండి: ఇంజన్ పట్టాల మీద ఉండాలి, వెనుక నాలుగైదు కోచ్‌లు తగిలించాలి, బాగా నిదానంగా నడవాలి, పక్కన మీ పేరు, ఆ రోజు తేదీ రాసిన చీటీ, ఒక స్కేలు కనిపించాలి. నిదానంగా నడిపినప్పుడే గేరు చీలిక బయటపడుతుంది, వేగంగా వెళ్తే ఏమీ తెలియదు. బాడీ తీసిన ఫొటో కూడా అడగండి. నిజాయితీగా అమ్మేవాళ్లు ఇవన్నీ సంతోషంగా పంపుతారు. మన హనుమకొండ, కరీంనగర్ మిత్రుల్లోనే అలా అమ్మినవాళ్లున్నారు, వాళ్ల దగ్గర కొన్న కోచ్‌లు నా లేఅవుట్ మీద ఈరోజుకీ చక్కగా తిరుగుతున్నాయి.

లేఅవుట్ ఫొటోలు పెట్టేవాళ్లకు ఒక మనవి. పెట్టడం మానకండి, దయచేసి. ఒకరి పని చూసి ఇంకొకరు నేర్చుకోవడం వల్లే మనలో చాలామంది పాయింట్ మోటర్ (బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే మోటర్) బిగించడం దగ్గర నుంచి కొండ గుట్టలు కట్టడం దాకా వచ్చాం. కాకపోతే ఫొటో మధ్యలో, కత్తిరించడానికి వీల్లేని చోట, వ్యాగన్ మీదనో ప్లాట్‌ఫారమ్ మీదనో మీ పేరు ఉన్న చిన్న బోర్డు పెట్టండి. పెద్దపల్లి మిత్రుడు ఇప్పుడు స్టేషన్ బోర్డు మీదే పేరు రాశారు, చూడ్డానికీ బాగుంది.

ఇప్పటికే డబ్బు పంపినవాళ్లు చాట్ డిలీట్ చేయొద్దు. యూపీఐ లావాదేవీ నంబర్, కొరియర్ రసీదు, డబ్బా మీద పంపినవారి చిరునామా ఫొటో జాగ్రత్త చేయండి. డబ్బు పంపి ఎంతోసేపు కాకపోతే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఖాతాలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. వస్తువు వచ్చి అది వేరేదైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఇతను వ్యాపారంగానే అమ్ముతున్నాడు కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. నేను ఫిర్యాదు చేశాను, డబ్బు ఇంకా రాలేదు. ఇలాగే మోసపోయిన కరీంనగర్ అన్న ఒకరు కాగితాలు సిద్ధం చేసుకుంటున్నారు. ఒకే ఖాతాకు డబ్బు పంపినవాళ్లం ఇంకా ఉన్నామని తేలితే కేసుకు బలం వస్తుంది. మీకూ ఇలాగే జరిగి ఉంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి, ఖాతా పేరు మాత్రం అందరి ముందు రాయకండి, అతను దాన్ని కూడా మార్చేస్తాడు.